నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర

తిరుపతి ఆసుపత్రిలో ఏడో నెలలోనే పుట్టి ఆక్సిజన్‌పై ఉన్న మీ మనవడి ఊపిరితిత్తులకూ మైక్రో ఆర్‌ఎన్‌ఏలకూ సంబంధమేమిటని అడిగారు. సుమారు 22 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని చిన్న భాగాల) పొడవుండే ఈ అణువులు ప్రొటీన్లుగా మారవు. జన్యు సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏకు అతుక్కొని, ప్రొటీన్ తయారీని తగ్గిస్తాయి. పిండదశలో మిఆర్-17-92 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏల సమూహం ఎంత ముఖ్యమంటే, అది లేకుండా పుట్టిన చిట్టెలుక పిల్లలు ఊపిరితిత్తులు ఎదగక వెంటనే చనిపోయాయి.

పుట్టిన తరువాత ఆక్సిజన్ మోతాదు మించితే మిఆర్-34ఎ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరిగి, రక్తనాళాల ఎదుగుదలకు కావలసిన యాంజియోపొయిటిన్-1 అనే ప్రొటీన్‌ను అణచివేస్తుంది. గాలిగదులు విభజన చెందక తక్కువ సంఖ్యలో, పెద్దవిగా మిగిలిపోయే బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా అనే ఊపిరితిత్తుల జబ్బుకు దోహదం చేసే వాటిలో ఇదొకటి. చిట్టెలుకలలో మిఆర్-34ఎను అడ్డుకున్నప్పుడు నష్టం తగ్గడం నిజంగా ఆశాజనకమే అయినా, శిశువులకు అటువంటి మందు ఇంకా వాడుకలోకి రాలేదు. పాదానికి చుట్టిన, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సిమీటర్ అంకెను చూసి నర్సు ఆక్సిజన్‌ను తగ్గిస్తే దయచేసి కంగారుపడకండి, ఆ పసి ఊపిరితిత్తులను కాపాడటానికే అలా చేస్తారు.