షెల్టర్ బిల్లులు ఆపేశారు, ఆరుగురు ఆడవాళ్లుంటున్న ఇంటికి అద్దె ఎవరివ్వాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలోని ఒక మున్సిపాలిటీ. మా మహిళా సంస్థ మున్సిపాలిటీతో ఒప్పందం మీద నిరాశ్రయుల షెల్టర్ నడుపుతోంది. అక్కడుండే ఆరుగురు ఆడవాళ్లు విశాఖ మానసిక వైద్యశాలలో చికిత్స పొంది కోలుకున్నవాళ్లు. వెనక్కి తీసుకెళ్లేవాళ్లు లేరు. షెల్టర్ రద్దీలో ఇమడలేకపోతుంటే విడిగా ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఒక ఆయాను పెట్టి చూసుకుంటున్నాం. అద్దె మున్సిపాలిటీయే ఇచ్చేది. ఇప్పుడు ఆడిట్ అభ్యంతరమంటూ అద్దె ఆపేశారు. కేంద్ర పథకం అయిపోయిందని షెల్టర్ బిల్లులు కూడా పది నెలలుగా ఇవ్వడం లేదు. "ఊరికే తిండి పెట్టి సోమరుల్ని చేయొద్దని సుప్రీంకోర్టే చెప్పిందిగా" అంటున్నారు కమిషనర్ గారు. మున్సిపాలిటీ సొంత డబ్బుతో ఇలాంటి ఇల్లు నడపకూడదా? కోర్టుకెళితే నిలబడుతుందా?

జవాబు: నడపొచ్చు. కోర్టులో నిలబడుతుందా అన్నది మాత్రం మీరు ఎవరి మీద ఏం అడుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. షెల్టర్ బిల్లుల గొడవ వేరు, ఆ ఇంటి అద్దె గొడవ వేరు. రెండింటినీ ఒకే రిట్‌లో (హైకోర్టులో వేసే పిటిషన్‌లో) కలిపేయకండి.

ముందు కమిషనర్ గారి మాట సంగతి. 2025 ఫిబ్రవరిలో ఈ.ఆర్. కుమార్ కేసు విచారిస్తూ సుప్రీంకోర్టులో జస్టిస్ గవాయ్, జస్టిస్ మసీహ్‌ల ధర్మాసనం ఉచితాల మీద ఘాటుగా వ్యాఖ్యానించిన మాట నిజమే. కానీ విచారణలో నోటితో అన్న వ్యాఖ్య ఉత్తర్వు కాదు. షెల్టర్లకు డబ్బు ఆపమని అందులో ఎక్కడా లేదు. అసలా కేసు నడుస్తున్నదే పట్టణాల్లో నిరాశ్రయులకు వసతి సరిగా అందడం లేదని. ఆ పరిస్థితి చూసి రమ్మని 2016లో ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి కైలాష్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేసింది కూడా ఆ కేసులోనే. బిల్లులు ఆపమన్న ఉత్తర్వు ఏ తేదీదో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు.

ఇక షెల్టర్ బిల్లులు. పట్టణ నిరాశ్రయుల వసతి పథకం 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో భాగంగా వచ్చింది. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా తెరిచి ఉండే షెల్టర్ అన్నది దాని కొలత. అంతకుముందే పీయూసీఎల్ (పౌరహక్కుల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు పెద్ద నగరాలకు పెట్టిన కొలతా అదే. 50 మంది షెల్టర్‌కు నిర్వహణ కింద ఏడాదికి 6 లక్షలు, అంటే మనిషికి నెలకు వెయ్యి రూపాయలు. వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు అన్నీ అందులోనే. అదీ మొదటి ఐదేళ్లకే. తర్వాత భారం స్థానిక సంస్థదే అని మార్గదర్శకాలు ముందే చెప్పాయి. మిషన్ 2024లో ముగిసింది కాబట్టి మా బాధ్యతా ముగిసింది అనే వాదన అందుకే కుదరదు.

పైగా మీ చేతిలో ఒప్పందం ఉంది. షెల్టర్ మూసేయమని రాతపూర్వకంగా చెప్పకుండా, మీ చేత నడిపించుకుంటూ బిల్లు ఎగ్గొడతామంటే హైకోర్టు ఊరుకోదు. మున్సిపాలిటీ ఒప్పుకున్న బకాయి అయితే అధికరణ 226 కింద రిట్ వేయొచ్చు. "ఇంత బకాయి లేదు" అని లెక్కలతో వివాదం పెడితే మాత్రం సివిల్ కోర్టుకు పొమ్మంటారు. అందుకని బకాయిని వాళ్ల చేత ఒప్పించే కాగితం ఒక్కటైనా ముందు సంపాదించండి. బిల్లు అందినట్టు ముద్ర, ఎం-బుక్ (పని కొలతలు నమోదు చేసే పుస్తకం) నకలు, నిధులు లేక చెల్లించలేదని రాసిన జవాబు, ఏదైనా చాలు. సివిల్ దావాకు గడువు మూడేళ్లు.

డబ్బు ఎక్కడుందంటారా? రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో 9వ అంశం బలహీన వర్గాల, వికలాంగుల ప్రయోజనాల పరిరక్షణ. 11వ అంశం పట్టణ పేదరిక నిర్మూలన. రెండూ మున్సిపాలిటీ పనులే. మన దగ్గర మున్సిపల్ నికర నిధుల్లో 40 శాతం పట్టణ పేదలకు కేటాయించాలన్న నిబంధన ఉమ్మడి రాష్ట్రం నాటినుంచీ ఉంది. అది రోడ్లకూ కాలవలకూ పోతుండటం మామూలే, ఆ రోడ్డు పేదల వాడలోదే అని లెక్క చూపిస్తారు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మూడేళ్ల 40 శాతం ఖర్చు వివరాలు పద్దులవారీగా అడగండి. 2025-26 వరకు వర్తించే 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు 40 శాతం షరతుల్లేని వాటా ఉంది, దాన్ని కూడా స్థానిక అవసరానికి వాడొచ్చు. అందులో జీతాలు పెట్టకూడదు. ఆయా జీతం ఆ పద్దులో వేశారో, ఇంకో ఆడిట్ అభ్యంతరం ఖాయం.

ఆడిట్ అభ్యంతరం నకలు మీరు చూశారా? చూసి ఉండరనే అనుకుంటున్నాను. నేను చూసినంతలో ఆడిటర్లు ఇలాంటి ఖర్చు అసలు చేయకూడదని రాయరు. కౌన్సిల్ తీర్మానం లేదు, అద్దె సబబని ఇంజినీరింగ్ విభాగం సర్టిఫికెట్ లేదు, అద్దె ఒప్పందం సంస్థ పేరున ఉంటే డబ్బు మున్సిపాలిటీ ఎందుకిచ్చింది అని రాస్తారు. ఇవన్నీ సరిదిద్దుకోదగ్గ లోపాలు. తీర్మానం పెట్టించుకోండి. కౌన్సిల్ లేకపోతే ప్రత్యేకాధికారి చాలు.

అయినా ఆ ఇంటి విషయంలో మున్సిపాలిటీని మాత్రమే ప్రతివాదిని చేస్తే చిక్కే. అధికరణ 243-డబ్ల్యూ మున్సిపాలిటీకి ఈ అధికారాలు అప్పగించవచ్చు అంటుందే తప్ప, ప్రతి నిరాశ్రయుడికీ ఇల్లివ్వాలి అనదు. "డబ్బు లేదన్నది సాకు కాదు" అన్న 1980 నాటి రత్లాం మున్సిపాలిటీ కేసు సుప్రీంకోర్టు తీర్పును అందరూ ఉదహరిస్తారు. అక్కడ చట్టం తప్పనిసరి చేసిన పారిశుధ్యం గురించి ఆ మాట అన్నారు. మున్సిపాలిటీ తరఫు లాయరు లేచి ఆ తేడా చెబితే మీ దగ్గర జవాబుండాలి.

ఆ జవాబు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో ఉంది. ఇల్లు లేదనో, ఇంట్లోవాళ్లు రానివ్వడం లేదనో ఎవర్నీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు అంటుంది సెక్షన్ 19. అంతటితో ఆగక, ఇక ఆసుపత్రి అవసరం లేనివాళ్ల కోసం హాఫ్‌వే హోమ్‌లు (ఆసుపత్రికీ సొంత బతుకుకీ మధ్య ఉండే ఇళ్లు), గ్రూప్ హోమ్‌లు (కొందరు కలిసి ఉండే ఇళ్లు) ప్రభుత్వం ఏర్పాటు చేయాలి, లేదా నడిపేవాళ్లకు సాయం చేయాలి అంటుంది. ఇక్కడ "చేయవచ్చు" కాదు, "చేయాలి". ఆ బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. మీ ఆరుగురూ అచ్చంగా ఆ సెక్షన్ కిందికి వస్తారు. కాబట్టి వైద్య ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శిని మొదటి ప్రతివాదిగా, మున్సిపాలిటీని ఆ తర్వాత పెట్టండి.

ఒక్క హెచ్చరిక. మానసిక రోగుల్ని ఉంచి సంరక్షించే చోటుకు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ ఇంటికి లేకపోతే కేసు వేయకముందే దరఖాస్తు పెట్టండి. లేదంటే వాళ్లు వేసే కౌంటర్‌లో (రిట్‌కు జవాబులో) మొదటి పేరా అదే అవుతుంది.

ఇంకో మాట, ఆ ఇంటి రిట్ మీ సంస్థ పేరున వేయకండి. సంస్థ వేస్తే కాంట్రాక్టరు బిల్లు గొడవలా కనబడుతుంది. ఆ ఆరుగురిలో మాట్లాడగలిగిన ఒకామె పిటిషనర్ కావాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 27 కూడా ఆమెకు ఆ హక్కు ఇస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ముందుముందు అద్దె బాధ తప్పాలంటే ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో అద్దె ఇళ్ల విభాగం ఉంది. నిరాశ్రయులు, దిక్కులేనివాళ్లు కూడా అందులో అర్హులే. ప్రభుత్వ డబ్బుతో కట్టి ఖాళీగా పడున్న ఇళ్లను అద్దెకివ్వడానికి అది వీలిస్తుంది. మీ ఊళ్లో ఎవరికీ కేటాయించని అలాంటి ఇళ్లుంటే ఒకటి ఇమ్మని కలెక్టర్ గారికి అర్జీ పెట్టండి. నెలల్లో తేలే పని కాదు గానీ, అర్జీ నకలు కేసులో పనికొస్తుంది.

ఈలోగా ఇంటి యజమాని ఖాళీ చేయమని నోటీసిస్తే జాగ్రత్తగా దాచి రిట్‌కు జత చేయండి. మధ్యంతర ఉత్తర్వు అడిగినప్పుడు, ఇప్పటికిప్పుడు ముంచుకొచ్చిందేమిటని జడ్జి గారు అడుగుతారు. చూపించడానికి ఆ నోటీసే ఉండాలి.