పొద్దున్నే మొరాయించే కొత్త బండి: షోరూమ్ 'మా తప్పు కాదు' అంటే?

ప్రశ్న: మాది ముషీరాబాద్. ఏడు నెలల కిందట ఎల్బీనగర్‌లోని ఒక షోరూమ్‌లో ఆన్‌రోడ్ 1,18,000 రూపాయలకు కొత్త మోటార్‌సైకిల్ తీసుకున్నాను. ఫుడ్ డెలివరీ చేస్తాను, ఆ బండే నాకు జీవనాధారం. మూడో నెల నుంచి పొద్దున పూట స్టార్ట్ కావడం లేదు. ఐదుసార్లు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఒకసారి ప్లగ్ మార్చారు, ఇంకోసారి బ్యాటరీ చార్జింగ్ పెట్టి ఇచ్చారు, మరోసారి 'బండి బాగానే ఉంది, మీకే స్టార్ట్ చేయడం రావట్లేదు' అన్నారు. ఇప్పుడేమో నేను బయట జీపీఎస్ పెట్టించాను కాబట్టి వారంటీ వర్తించదని, 4,300 రూపాయల బిల్లు కడితేనే బండి ఇస్తామని అంటున్నారు. కొత్త బండి ఇప్పించుకోవచ్చా? ఈఎంఐ కట్టడం ఆపేద్దామనుకుంటున్నాను. సలహా చెప్పండి సార్.
– ఒక పాఠకుడు, ముషీరాబాద్

జవాబు: ముందు ఇంట్లో ఉన్న ఐదు జాబ్ కార్డులూ (బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు వాళ్లు రాసిచ్చే కాగితాలు) బయటికి తీయండి. కస్టమర్ ఫిర్యాదు అనే గడిలో వాళ్లేం రాశారో చదవండి. ఇలాంటి గొడవలతో నా దగ్గరికి వచ్చేవాళ్ల కార్డుల్లో తరచూ 'జనరల్ చెకప్' అనో 'వాటర్ వాష్' అనో ఉంటుంది. కౌంటర్ దగ్గర నోటితో పదిసార్లు చెప్పి ఉంటారు, కార్డు చూస్తే మాత్రం బండి కడిగించుకోవడానికి వెళ్లినట్టు ఉంటుంది. రేపు కేసు వేస్తే వినియోగదారుల కమిషన్ (వినియోగదారుల కోర్టు) సభ్యులు చదివేది ఆ కార్డునే. 'పొద్దున పూట స్టార్ట్ కావడం లేదు' అనే మాట కనీసం రెండు మూడు కార్డుల్లో ఉంటే మీ కేసుకు సగం బలం వచ్చినట్టే. లేకపోతే ఈరోజే సర్వీస్ సెంటర్‌కు ఒక ఈమెయిల్ పెట్టండి: ఏ తేదీన తెచ్చాను, ఏం చెప్పాను, మీరేం చేశారు అని. ఐదు తేదీలూ వరసగా రాయండి. వాళ్లు జవాబివ్వకపోయినా మీ మాట రికార్డులోకి ఎక్కుతుంది. బండి తీసుకునేటప్పుడు 'పని సంతృప్తికరం' అన్న చోట సంతకం పెట్టించుకుంటారు కదా, ఇకముందు ఆ సంతకం పక్కనే 'పొద్దున స్టార్ట్ చేసి చూశాకే తెలుస్తుంది' అని రాసి పెట్టండి.

తర్వాతి సంగతి మీకు చిత్రంగా అనిపించవచ్చు. మెకానిక్ బండిని ఏ వరసలో చూస్తాడో, అవతలి లాయరు మిమ్మల్ని అదే వరసలో అడుగుతాడు. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్‌ను ఆపే ఎర్ర స్విచ్) ఆన్‌లో ఉందా? న్యూట్రల్ లైట్ వెలిగిందా? సైడ్ స్టాండ్ తీశారా? ఇప్పటి బండ్లలో చాలావాటికి స్టాండ్ దించి గేర్‌లో ఉంచితే ఇంజన్ అందుకోదు. ట్యాంకులో పెట్రోల్ ఉందా? నవ్వకండి. ఒకసారి నాంపల్లి కోర్టు బయట నేను నల్లకోటుతోనే కిక్ మీద కిక్ కొట్టి చెమటలు కక్కుతుంటే, టీ కొట్టు కుర్రాడు వచ్చి హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ ఒక్కటి నొక్కి వెళ్లిపోయాడు. 'మీకే స్టార్ట్ చేయడం రావట్లేదు' అన్న షోరూమ్ మాటకు జవాబు వాదనలో దొరకదు, వీడియోలో దొరుకుతుంది. తాళం పెట్టడం, మీటర్ మీది లైట్లు, ఎర్ర స్విచ్, స్టాండ్, పెట్రోల్ ముల్లు అన్నీ కనిపించేలా, ఆపకుండా ఒకే ముక్కగా తీయండి. కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేస్తే అవతలివాళ్లు వీడియోను తోసిపుచ్చడం కష్టం. వీడియో తీసిన ఫోను అమ్మేయకండి.

ఆ మామూలు కారణాలు ఏవీ కావని తేలాక మీ కేసులో అసలు ముడి జీపీఎస్. ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. షోరూమ్ వాళ్లు చెప్పేది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు.

సెల్ఫ్ నొక్కితే ఉత్త టకటక శబ్దం వస్తే బ్యాటరీ వైపు చూస్తారు. ఇంజన్ బాగా తిరుగుతూ కూడా అందుకోకపోతే పెట్రోల్ వైపు, స్పార్క్ వైపు వెళ్తారు. మీ బండిది ఏ రకమో ఉత్తరంలో రాయలేదు. మొదటి రకమైతే జీపీఎస్ మీద అనుమానం రావడం సహజం. మంచి స్థితిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి ఉంచినప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. నడుస్తున్నప్పుడు అంత రాకపోతే చార్జింగ్ సరిగా కావడం లేదు, అప్పుడు వేళ్లు కంపెనీ వైపు చూపుతాయి. చార్జింగ్ బాగానే ఉండి, రాత్రి నిండుగా ఉన్న బ్యాటరీ పొద్దునకు పడిపోతే మాత్రం తాళం తీశాక కూడా ఏదో కరెంటు తాగుతోంది, లేదా బ్యాటరీకే జబ్బు. చాలా వారంటీ పుస్తకాల్లో బ్యాటరీ బాధ్యత దాన్ని తయారుచేసిన కంపెనీదే అని విడిగా ఉంటుంది. అది కూడా చూసుకోండి.

కాబట్టి రెండు తేదీలు పక్కపక్కన పెట్టండి: జీపీఎస్ కొన్న బిల్లు తేదీ, స్టార్టింగ్ సమస్యతో మీరు మొదటిసారి వెళ్లిన జాబ్ కార్డు తేదీ. సమస్య ముందు, జీపీఎస్ తర్వాత అయితే వారంటీ పోయిందన్న వాళ్ల వాదన అక్కడే కూలుతుంది. జీపీఎస్సే ముందు అయితే ఇంకొంచెం పని ఉంది. 'జీపీఎస్ వైర్లు తీసేసి, బండిని ఒక రాత్రి మీ దగ్గరే ఉంచి, పొద్దున చల్లటి ఇంజన్ మీద నా ఎదుట స్టార్ట్ చేసి చూపండి, వచ్చిన వోల్టులు, ఎర్రర్ కోడ్‌లు జాబ్ కార్డు మీద రాయండి' అని లిఖితపూర్వకంగా అడగండి. మధ్యాహ్నం మూడింటికి మన హైదరాబాద్ ఎండలో వేడెక్కిన బండి ఎవరు నొక్కినా స్టార్ట్ అవుతుంది. ఐదుసార్లూ వాళ్లు చూసింది ఆ వేళకే అని నా అనుమానం. మీది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే, సెన్సర్ ఏదైనా తేడా చేస్తే దాని కంప్యూటర్‌లో కోడ్ నమోదై ఉండే అవకాశముంది. స్కానర్ తెర ఫొటో అడిగి తీసుకోండి.

సర్వీసులు కిలోమీటర్ల లెక్క ప్రకారం చేయించారా? డెలివరీ బండి ఏడు నెలల్లో తిరిగే దూరం మామూలు బండి రెండేళ్లలో కూడా తిరగకపోవచ్చు. ఒక ఫ్రీ సర్వీసు తప్పినా అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. వారంటీ పుస్తకంలో వాణిజ్య వినియోగం గురించి ఏమైనా రాశారేమో అది కూడా చదవండి.

ఇక కొత్త బండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 39వ సెక్షన్ కింద లోపం సరిచేయమని, బండి మార్చి ఇవ్వమని, డబ్బు వాపసు ఇవ్వమని, నష్టపరిహారం కట్టమని కమిషన్ ఆదేశించవచ్చు. అలా అని మార్పిడి తేలిగ్గా రాదు. ఒక భాగం చెడిపోతే ఆ భాగాన్ని మార్చాలే తప్ప మొత్తం వాహనాన్ని మార్చమనడం సరికాదని మారుతి కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. తయారీలోనే లోపం ఉందని నిరూపించే భారం మీది. అందుకే ఫిర్యాదులో మొదటి కోరికగా మార్పిడి లేదా వాపసు అడగండి, అది కుదరకపోతే ఉచితంగా పూర్తి రిపేరు, పొడిగించిన వారంటీ, పోయిన సంపాదన ఇప్పించమని కోరండి. బండిని నిపుణుడితో పరీక్ష చేయించమని 38వ సెక్షన్ కింద దరఖాస్తు కూడా పెట్టండి. చాలామంది ఇది పెట్టకుండా, ఆఖర్న 'నిపుణుడి నివేదిక లేదు' అనే ఒక్క కారణంతో ఓడిపోతారు.

డెలివరీ చేస్తారు కాబట్టి మీరు వినియోగదారుడే కారని వాళ్లు వాదించవచ్చు. భయపడనక్కర్లేదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే వాడుకునే వస్తువును చట్టం 'వాణిజ్య ప్రయోజనం' కింద లెక్కించదు. బండి ఆగిన రోజుల్లో డెలివరీ యాప్‌లో మీ సంపాదన ఎంత పడిపోయిందో స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి.

షోరూమ్‌నూ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే వాళ్లు రెండోవాళ్ల మీదికి నెడతారు.

4,300 బిల్లు సంగతి. కాంట్రాక్టు చట్టం, 1872లోని 170వ సెక్షన్ ప్రకారం, వస్తువు మీద శ్రమ పెట్టి పనిచేసినవాడు తన కూలి అందేదాకా దాన్ని ఆపి ఉంచుకోవచ్చు. గల్లీ మెకానిక్‌కైనా, పెద్ద షోరూమ్‌కైనా ఇదే మాట. వారంటీ కింద ఉచితంగా చేయాల్సిన పనికి కూలి ఎక్కడిదన్నది మీ వాదన, అది బలమైనదే. కానీ ఆ వాదన తేలేదాకా బండి వాళ్ల దగ్గరే పడి ఉంటే రోజూ నష్టపోయేది మీరు. 'అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను, వాపసు కోరే హక్కు వదులుకోవడం లేదు' అని బిల్లు మీదే రాసి, ఆన్‌లైన్‌లో కట్టి బండి తెచ్చుకోండి. మార్చిన పాత భాగాలు అడిగి తీసుకోండి. బండి నిలిపినందుకు పార్కింగ్ చార్జీ అంటూ ఏమైనా కలిపితే, ముందుగా ఒప్పుకున్న కాగితం చూపించమనండి.

ఆ తర్వాత 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్ని కంపెనీలు ఆ దశలోనే దిగివస్తాయి. రాకపోతే జిల్లా కమిషన్. షోరూమ్ ఎల్బీనగర్‌లో, అంటే రంగారెడ్డి జిల్లాలో ఉన్నా, మీరు నివసించే చోట కేసు వేసుకునే హక్కు ఇప్పటి చట్టం ఇచ్చింది. ముషీరాబాద్ వాసిగా మీరు నాంపల్లిలోని హైదరాబాద్ జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు (ఈ మాట రాసినందుకు మా వాళ్లు నన్ను తిట్టుకుంటారు). రెండేళ్ల గడువు ఉంది కదా అని నిదానించకండి, వారంటీ నడుస్తుండగా వేసిన కేసుకు ఉండే బలం వేరు. కమిషన్ నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ మరో 15 రోజులు ఇవ్వగలదు, అంతకు మించి కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో ముగియాలని చట్టంలో ఉంది. అంతలో అయిపోతుందని నేను మాత్రం మాటివ్వలేను.

ఈఎంఐ ఆపకండి. మీకు అప్పిచ్చినవాళ్లతో మీ ఒప్పందం వేరు, షోరూమ్‌తో వేరు. బండి చెడిందన్న కారణం అప్పు ఎగ్గొట్టడానికి పనికిరాదు. రెండు కిస్తీలు తప్పితే సిబిల్ స్కోరు పడుతుంది, బండి లాక్కెళ్లడానికి మనుషులు వస్తారు, ఆ తర్వాత పరీక్ష చేయించడానికి కమిషన్‌కు చూపించే బండే ఉండదు. కట్టిన కిస్తీల రసీదులన్నీ ఫిర్యాదుకు జతచేసి, వాటి మీద వడ్డీని కూడా నష్టంలో కలిపి అడగండి.