హైదరాబాద్ చూడటానికి అప్పు ఎందుకండీ?

ప్రశ్న: మాది వరంగల్. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 38 వేలు వస్తాయి. నేను, నా భార్య, అమ్మ, ఇద్దరు ఆడపిల్లలు (9, 5 ఏళ్లు). బైక్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 33 వేలు. బ్యాంకులో 11 వేలు ఉన్నాయి. ఆఫీసు వాళ్లు ఇచ్చిన 2 లక్షల ఆరోగ్య బీమా నాకు మాత్రమే వర్తిస్తుంది. వచ్చే నెల దసరా సెలవుల్లో పిల్లలకు హైదరాబాద్ చూపించాలని ఉంది. హోటల్‌కు 12 వేలు, రెండు రోజుల కారుకు 9 వేలు, ఫిల్మ్ సిటీకి 8 వేలు, తిండి, షాపింగ్‌కు 6 వేలు, మొత్తం 35 వేలు అవుతుంది. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవాలా, యాప్‌లో లోన్ తీసుకోవాలా? లేదంటే చీటీ పాడుకోవాలా?

జవాబు: ఈ మూడింట్లో ఏదీ వద్దు. టూరు వద్దని మాత్రం అనను. తొమ్మిదేళ్ల పిల్ల మళ్లీ తొమ్మిదేళ్ల పిల్ల కాదు, తప్పకుండా తీసుకెళ్లండి. మీ ఉత్తరాన్ని ఇక్కడ తీసుకున్నది వేరే కారణంతో. పండగ సెలవులు దగ్గరపడితే ఇలాంటి ప్రశ్నలు చాలా వస్తాయి, అందరూ ఒకటే అడుగుతారు: ఏ అప్పు మంచిదని. ఇంట్లో నిల్వ ఎంత ఉండాలని అడిగేవాళ్లు తక్కువ.

మీ 11 వేల సంగతి చూడండి. నెలకు 33 వేల ఖర్చంటే రోజుకు 1,100. అంటే మీ దగ్గరున్నది సరిగ్గా పది రోజుల ఇల్లు గడిచే డబ్బు. పదకొండో రోజుకు ఏమీ లేదు. సంపాదించేది మీరొక్కరే, తినేవాళ్లు ఐదుగురు, అందులో పెద్దావిడ ఒకరు. జీతం ఒక్క నెల ఆలస్యమైనా, అమ్మగారికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమన్నా మీరు ఎవరి దగ్గరికి వెళతారు? అసలు టెన్షన్ పడాల్సింది దీని గురించి.

ఇక ఈఎంఐ లెక్క. 35 వేలకు ఏడాదికి 24 శాతం వడ్డీ అనుకుంటే పన్నెండు నెలల పాటు నెలకు 3,310 రూపాయలు కట్టాలి. వడ్డీయే 4,700 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ అదనం. కానీ నన్ను భయపెట్టేది వడ్డీ కాదు. ఇప్పుడు నెలకు 5 వేలు మిగులుతున్నాయి. ఈఎంఐ పోతే మిగిలేది 1,690. రెండు రోజుల టూరు కోసం ఏడాది పాటు మీ నిల్వ దాదాపు పెరగకుండా ఆగిపోతుంది. ఆ ఏడాదిలో ఏ చిన్న అవసరం వచ్చినా మళ్లీ కార్డే గీకుతారు. ఒక నెల కనీస మొత్తం మాత్రం కట్టి ఊరుకుంటే, ఆ తర్వాత కార్డు మీద కొనే పాల ప్యాకెట్టుకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, నెలకు మూడు శాతం పైమాటే.

నా దగ్గరకు వచ్చిన ఒక జంట కథ ఇలాగే మొదలైంది. కార్డు మీద పిల్లలతో టూరుకు వెళ్లొచ్చారు. మూడో నెల బాబును ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. కార్డు నిండిపోయింది, చేతిలో డబ్బు లేదు, యాప్‌లో తీసుకున్నారు. దాన్ని తీర్చడానికి రెండో యాప్, రెండోదానికి మూడోది. వాళ్ల ఫోన్లో ఆ టూరు ఫొటోలు ఇంకా ఉన్నాయి. వాటిని చూపిస్తూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. పది వేల నిల్వ ఉన్నా ఆ మొదటి యాప్ జోలికి వెళ్లేవాళ్లు కాదు.

యాప్ లోన్ గురించి కచ్చితంగానే చెబుతాను: వద్దంటే వద్దు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు మన తెలంగాణలో ప్రాణాలు పోయాయి, హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ తర్వాత 2022లో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం యాప్ మీ ఫోన్లోని కాంటాక్టులను తాకకూడదు, మొత్తం ఖర్చును ఏడాది వడ్డీ శాతంగా ముందే రాసి చూపించాలి. కాంటాక్టులకు అనుమతి అడిగిందంటే అక్కడే దాన్ని ఫోన్లోంచి తీసేయండి. ‘18 శాతమే, ఫ్లాట్’ అన్నా నమ్మకండి. ఫ్లాట్ అంటే అసలు తీరుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరి దాకా వడ్డీ వేయడం. ఏడాది లోనుకు ఆ ఫ్లాట్ 18 నిజానికి 31 శాతం దాటుతుంది.

చీటీ పాడుకుంటే పాట తగ్గింపు రూపంలో అదే వడ్డీ పోతుంది, దాన్ని చివరి దాకా ఉంచి నిల్వలో కలపండి. బంగారం తాకట్టు, ఆఫీసు అడ్వాన్స్ లాంటివి టూరుకు వాడేవి కావు.

నేను చెప్పేది ఇది. దసరాకు కాకుండా సంక్రాంతి సెలవులకు వెళ్లండి. నాలుగు నెలలు చేతిలో ఉంటాయి. మిగిలే 5 వేలల్లో 2,750 నిల్వకు, 2,250 టూరుకు, రెండూ వేరు వేరు ఖాతాల్లో వేయండి. జనవరికి టూరుకు 9 వేలు చేరతాయి, నిల్వ 11 నుంచి 22 వేలవుతుంది. నిల్వ ఖాతాకు ఏటీఎం కార్డు, యూపీఐ లేకుండా చూసుకోండి. తిరిగొచ్చాక 5 వేలూ అందులోకే. ఆరు నెలల ఖర్చు, అంటే 1,98,000 చేరేదాకా ఆపొద్దు. ముందు మూడు నెలల ఖర్చు 99 వేలు అందుకోండి. దీపావళి బోనస్ ఏదైనా వస్తే దానికీ ఇదే దారి.

9 వేలతో హైదరాబాద్ ఎలా అంటారా? మీ జాబితాలో 21 వేలు హోటల్‌కు, కారుకే పోతున్నాయి. పిల్లలకు గుర్తుండేవి అవి కావు. ఎక్స్‌ప్రెస్ బస్సెక్కండి, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం కింద ఇంట్లో నలుగురికీ జీరో టికెట్, చార్జీ మీ ఒక్కరికే. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ అంతే. శనివారం పొద్దున్నే బయల్దేరి ఎంజీబీఎస్ బస్టాండులో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. పన్నెండుకు ఐదు నిమిషాల ముందే సంగీత గడియారం ఎదురుగా పిల్లలను కూర్చోబెట్టండి. చిన్న గడ్డపు బొమ్మ తలుపు తెరుచుకుని వచ్చి పన్నెండు దెబ్బలు కొడుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టి లెక్కపెడుతుంది. సాయంత్రం గోల్కొండ. పెద్దలకు 25 రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉచితం. ఫతే దర్వాజా దగ్గర పెద్దమ్మాయిని చప్పట్లు కొట్టమనండి, ఆ చప్పుడు కొండ మీది బాలా హిస్సార్ దాకా ఎలా వెళుతుందో చెప్పండి. అమ్మగారిని మెట్లు ఎక్కించకండి, కింద తోటలో కూర్చోబెట్టండి. ఆదివారం పొద్దున జూపార్కు, అమ్మగారికి బ్యాటరీ బండి ఉంది. గదికి ఒక్క రాత్రికి 2,500 దాటనివ్వకండి. ఫిల్మ్ సిటీకి రోజంతా కావాలి, టికెట్టు మనిషికి వెయ్యి దాటుతుంది. నిల్వ 99 వేలకు చేరిన ఏడాది దానికి వేరుగా దాచి వెళ్లండి.

బీమా సంగతి వాయిదా వేయకండి. నిల్వ 22 వేలు దాటగానే మీ నలుగురికీ ఒక ఫ్లోటర్ (ఒకే బీమా మొత్తం ఇంట్లో అందరికీ వర్తించే ఆరోగ్య పాలసీ), అమ్మగారికి విడిగా ఒక పాలసీ. పెద్దావిడను కలిపితే ఫ్లోటర్ ప్రీమియం ఆమె వయసు లెక్కన పెరుగుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. మీ పేరున టర్మ్ పాలసీ, అంటే మీకేదైనా జరిగితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా కూడా ఈ ఏడాదే తీసుకోండి.

టూరు తేదీలు చూసుకునేటప్పుడు సాలార్‌జంగ్‌కు శుక్రవారం, జూకు సోమవారం సెలవని గుర్తుంచుకోండి. జీరో టికెట్‌కు ఆడవాళ్ల ఆధార్ కార్డులు సంచిలో పెట్టుకోండి. పండగకు ఊళ్లకు వెళ్లేవాళ్లతో ఆదివారం సాయంత్రం వరంగల్ బస్సులు కిక్కిరిసి ఉంటాయి, మధ్యాహ్నం మూడింటికల్లా ఉప్పల్ చేరుకుంటే పిల్లలకు సీటు దొరుకుతుంది.