టెక్ సందేహాలు: రెండో కంట్రోల్-సి తో ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: లినక్స్‌లో నేను రాసిన సి ప్రోగ్రామ్ కంట్రోల్-సి నొక్కిన ప్రతిసారీ ‘పని పూర్తికాలేదు, ఆగండి’ అని చూపించి కొనసాగేది. ఆ నొక్కుకు స్పందించే ఫంక్షన్‌లో, అంటే హ్యాండ్లర్‌లో, ఒక ప్రింట్‌ఎఫ్ తప్ప ఏమీ లేదు. మొన్న కంపైల్ చేసేటప్పుడు సి99 ప్రమాణాన్ని కచ్చితంగా పాటించమనే ఆప్షన్ ఇచ్చాను. అప్పటినుంచి రెండోసారి నొక్కగానే ఆగిపోతోంది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. కంపైలర్‌లో బగ్ ఉందా?

జవాబు: లేదు. ఈ ఫిర్యాదు వేషం మార్చుకుని నాకు వస్తూనే ఉంటుంది, నిందేమో ప్రతిసారీ కంపైలర్ మీదే. కంట్రోల్-సి ప్రోగ్రామ్‌కు ఒక సిగ్నల్ పంపుతుంది. దానికి హ్యాండ్లర్‌ను అమర్చడానికి మీరు పిలుస్తున్న ‘సిగ్నల్’ ఫంక్షనే నిజానికి మారిపోయింది, పేరు మాత్రం అదే.

సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌లో హ్యాండ్లర్ ఒక్కసారికే. సిగ్నల్ అందగానే దాన్ని తొలగించి డీఫాల్ట్ చర్యను పెట్టేసేవారు. రెండో సిగ్నల్‌తో ప్రోగ్రామ్ పని అయిపోయేది. 1983 నాటి బర్కిలీ యూనిక్స్ 4.2బీఎస్‌డీ దీన్ని చక్కదిద్దింది: హ్యాండ్లర్ చెక్కుచెదరదు, అది నడుస్తుండగా వచ్చిన అదే సిగ్నల్ వేచి ఉంటుంది, మధ్యలో తెగిన రీడ్ (ఇన్‌పుట్ చదివే పిలుపు) తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. సి ప్రమాణం ఎవరినీ నొప్పించకుండా రెండు పద్ధతులనూ ఒప్పుకుంది. లినక్స్‌లో వాడే సి లైబ్రరీ జీలిబ్‌సీ రెండో వెర్షన్ నుంచి మామూలుగా బీఎస్‌డీ పద్ధతే ఇస్తుంది. మీరు కచ్చితమైన ప్రమాణం అడిగేసరికి సిస్టమ్ ఫైవ్ పద్ధతిని చేతిలో పెట్టింది. ప్రమాణం కోరినందుకు దక్కింది రెండింటిలో పాతది, బలహీనమైనది!

పాత ప్రోగ్రామ్‌లు చెడకూడదన్న పట్టుదలను నేను తప్పుపట్టను. ఒక్క హెచ్చరికైనా ఇవ్వకుండా ప్రవర్తన మార్చేయడమే నాకు మింగుడుపడదు. మందు ఎప్పుడో వచ్చింది: యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన 1988 పోసిక్స్‌లోని సిగ్‌యాక్షన్ ఫంక్షన్. కావలసిన పద్ధతిని అందులో మీరే ఫ్లాగులతో చెప్పవచ్చు. రీస్టార్ట్ ఫ్లాగు పెట్టినా, ఇన్‌పుట్ కోసం వేచిచూసే పోల్, సెలెక్ట్ మళ్లీ మొదలు కావు కాబట్టి ‘సిగ్నల్ వల్ల తెగింది’ అని చెప్పే ఈఐఎన్‌టీఆర్ ఎర్రర్‌ను మీరే చూసుకోవాలి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మాత్రం ఆ ప్రింట్‌ఎఫ్. సిగ్నల్ ఏ క్షణంలోనైనా వస్తుంది. ప్రోగ్రామ్ అప్పుడే మెమరీ కేటాయించే మ్యాలక్ ఫంక్షన్‌లో ఉండి మెమరీ లెక్కలు సగం రాసి ఉండవచ్చు. ఆ సగం లెక్క మీదే హ్యాండ్లర్‌లోని ప్రింట్‌ఎఫ్ మళ్లీ మ్యాలక్‌ను తాకితే మెమరీ చిందరవందరవుతుంది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో జరిగింది ఇలాంటిదే. డీఫాల్ట్ గడువైన 120 సెకన్లలో లాగిన్ కాకపోతే అలారం సిగ్నల్ వచ్చేది, దాని హ్యాండ్లర్ లాగ్ రాసే సిస్‌లాగ్ ఫంక్షన్‌ను పిలిచేది, జీలిబ్‌సీలో సిస్‌లాగ్ మ్యాలక్ వరకూ వెళ్లేది. పాస్‌వర్డ్ తెలియని వాడికి రూట్ అధికారం, అంటే యంత్రం మీద పూర్తి అదుపు, దక్కే లోపం అది. 2006లో ఒకసారి సరిదిద్దారు. 2020లో కోడ్ సర్దుతూ కాపలాగా ఉన్న ఒక షరతు వరుసను పొరపాటున తీసేశారు. 2024 జూలైలో 9.8పీ1 వెర్షన్ వచ్చేదాకా తలుపు తెరిచే ఉంది.

ఆ దాడిని చేసి చూపింది 32 బిట్ల లినక్స్ మీద. ఎప్పుడో అమ్మేసి, అప్‌డేట్ అన్న మాటే మరచిన నెట్‌వర్క్ నిల్వ పెట్టెలు కొన్నింటిలో ఇంకా నడుస్తున్నవీ అలాంటి వ్యవస్థలే. పెట్టె మీద ‘సురక్షితం’ అని అచ్చువేసే తయారీదారులు ఎన్నాళ్లు సురక్షితమో పక్కనే ఎందుకు అచ్చువేయరు? అప్‌డేట్ దొరకనివారు లాగిన్ గడువును సున్నా చేస్తే, అంటే గడువే లేకుండా తీసేస్తే, ఈ దాడి తప్పుతుంది కానీ, వాకిట్లో తిష్ఠవేసిన కనెక్షన్లు సర్వర్‌ను ముంచే వీలు ఏర్పడుతుంది.

మీ ప్రోగ్రామ్ సంగతి: హ్యాండ్లర్‌లో సిగ్_అటామిక్_టి రకం వోలటైల్ వేరియబుల్‌లో గుర్తు ఒకటి పెట్టి తిరిగి రండి, సందేశాన్ని ప్రధాన లూప్‌లో ముద్రించండి. అక్కడికక్కడే చూపించి తీరాలంటే ప్రింట్‌ఎఫ్ వద్దు, హ్యాండ్లర్‌లో సురక్షితంగా పిలవదగిన రైట్ వాడండి, చివరి ఎర్రర్ సంఖ్య ఉండే ఎర్ర్‌నో విలువను ముందే దాచి చివర్లో తిరిగి పెట్టండి.