విజయవాడ దగ్గర లారీలు లేని సైకిల్ దారులు: నీళ్ళ పక్కన వెతకండి

బెంజ్ సర్కిల్ దగ్గర ఉంటామని, పన్నెండేళ్ళ బాబుతో కలిసి తొక్కడానికి రెండు గేర్ సైకిళ్ళు కొన్నామని రాశారు. బస్సులు, లారీల బెడద లేకుండా కొండలు, చెరువులు చూసుకుంటూ రోజంతా తిరిగే దారులు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయండీ. నేను తొమ్మిదేళ్ళుగా ఈ చుట్టుపక్కలే తొక్కుతున్నాను. మొదట్లో విజయవాడలో ఉండేవాణ్ణి, ఇప్పుడు గుంటూరు. సైకిళ్ళ కోసమే వేసిన దారులు కావు ఇవి. కాలువ గట్లు, కరకట్టలు, కొండ మీది ఘాట్ రోడ్డు. పొద్దున్నే వెళ్తే మనుషులే కనబడరు, తొమ్మిది దాటాక వెళ్తే అదే దారిలో ట్రాక్టర్లకి పక్కకి తప్పుకుంటూ ఉండాలి. కాబట్టి ఏ దారి అనేదానికంటే ఏ టైముకి బయల్దేరతారు అనేది ముందు తేల్చుకోండి.

బాబుతో మొదటిసారి అయితే కృష్ణ కుడి గట్టుకి వెళ్ళండి. తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం దిగి, కనకదుర్గ వారధి (హైవే వంతెన) కింద నుంచి దిగువకి కరకట్ట పట్టుకోండి. గుండిమెడ, ప్రాతూరు, చిర్రావూరు ఆ వైపు ఊళ్ళు. ఎడమ చేతి వైపు నది, కుడి చేతి వైపు అరటి, కంద, పసుపు తోటలు. పదిహేను కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి తిరిగితే ముప్పై అవుతుంది, పిల్లాడికి చాలు. కొంచెం అలవాటయ్యాక కరకట్ట దిగి దుగ్గిరాల, రేవేంద్రపాడు మీదుగా కాలువ వెంట తిరిగి రావచ్చు. 1855లో పాత ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఈ డెల్టా అంతా కాలువల మీదే బతుకుతోంది. ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది. నీళ్ళు వాటంతట అవే సముద్రం వైపు పారేలా తవ్వారు కాబట్టి కాలువ గట్టు మీద ఎక్కుడు అనేదే తెలియదు. కొత్తగా గేర్లు నేర్చుకునే పిల్లలకి ఇంతకంటే మంచి చోటు ఇంకోటి నాకు తెలియదు.

ఇబ్బందులు రెండు. మొదటిది ఇసుక. నదిలో ఇసుక తీసే రోజుల్లో కరకట్ట మీద లారీలు వరసగా తిరుగుతాయి. ఆ దుమ్ములో పిల్లాణ్ణి అస్సలు తీసుకెళ్ళొద్దు. ముందు రోజు కాకపోతే ఆ పొద్దున సీతానగరంలో టీ కొట్టు దగ్గర ఆగి "ఇసుక బళ్ళు తిరుగుతున్నాయా" అని అడగండి, ఠక్కున చెప్తారు. తిరుగుతుంటే ఆ రోజుకి వేరే వైపు వెళ్ళడమే.

రెండోది ముల్లు. నా మొదటి ఏడాది, కొల్లిపర వైపు వెళ్ళినప్పుడు గట్టు మీద సర్కారు తుమ్మ ముల్లు దిగింది. స్పేర్ ట్యూబు ఉంది కదా అని ఐదు నిమిషాల్లో మార్చేశాను. రెండు కిలోమీటర్లు కూడా పోకుండా మళ్ళీ గాలి పోయింది. ముల్లు మొన విరిగి టైరు లోపలే ఉండిపోయిందని అప్పుడు తెలిసింది. మార్చి నెల, పదిన్నర ఎండ, సీసాలో నీళ్ళు అయిపోయాయి. ఆరు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచాను. దారిలో పశువులు కాస్తున్న ఒక పెద్దాయన తన చెంబులో నీళ్ళిచ్చి, బండి పంచర్లు వేసే షాపు ఏ మలుపులో ఉందో చెప్పాడు. ఆ షాపు అబ్బాయి టైరు లోపల వేలితో నెమ్మదిగా తడుముతూ పోయి ఆ మొన పట్టుకున్నాడు. అప్పటి నుంచి నేనూ అదే చేస్తాను: ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా తడిమి చూడాలి. మనిషికి రెండు ట్యూబులు, చిన్న పంపు, ప్యాచ్‌లు, రెండు లీటర్ల నీళ్ళు లేకుండా గట్టు ఎక్కను.

గాలి సంగతి కూడా చూసుకోండి. వేసవిలో మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది. పొద్దున్నే దిగువకి వెళ్ళి వస్తే తిరుగు ప్రయాణంలో అది వీపున ఉంటుంది. సాయంత్రం బయల్దేరితే ఎదురుగాలిలో తొక్కాలి, పిల్లలు తొందరగా నీరసపడతారు.

కొండ కావాలన్నారు కాబట్టి కొండవీడు చెప్పాలి. రెడ్డిరాజుల కోట. కొండ మీదే మూడు చెరువులున్నాయి: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. చుట్టూ అడవి, సీతాఫలం చెట్లు. గుంటూరు నుంచి చిలకలూరిపేట హైవే మీద మాత్రం సైకిల్ తొక్కకండి. సైకిళ్ళు కారులో కొండ కింది దాకా తీసుకెళ్ళి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కండి. ఎక్కుడు బాగానే ఉంటుంది, మధ్యలో దిగి తోసినా తప్పేం లేదు. పైన చెరువు గట్టున కూర్చుని పులిహోర తిన్న పొద్దులు నాకు ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కొంచెం కొంచెంగా పట్టమని బాబుకి పైనే చెప్పండి, మలుపు దగ్గరికి వచ్చాక చెప్తే లాభం లేదు.

తక్కువ దూరం చాలనుకుంటే గుంటూరు పక్కన ఉప్పలపాడు. ఊరి చెరువులో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. గుంటూరు నుంచి అరగంటలో తొక్కి వెళ్ళొచ్చు.

కొల్లేరు మాత్రం ఒక రోజంతా పెట్టుకోవాల్సిన ప్రయాణం. కారు వెనక సైకిళ్ళు కట్టుకుని కైకలూరు దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆటపాక పక్షుల కేంద్రం, తర్వాత కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి. డిసెంబరు, జనవరిలో వెళ్తే పక్షులు ఎక్కువ. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. అందుకని గూళ్ళ దగ్గర బెల్లు కొట్టకుండా, కేకలు లేకుండా వెళ్ళాలి. చేపల చెరువుల గట్లు ఎవరివో ఒకరివి, అక్కడ ఉన్నవాళ్ళని అడిగి వెళ్ళండి. నన్ను ఎవరూ కాదనలేదు. వానాకాలంలో సరస్సు పొంగితే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్ళొస్తాయి, ఆ నెలల్లో వద్దు.

కోతల రోజుల్లో గట్ల మీద, రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీంచి తొక్కకండి, దిగి పక్క నుంచి నడిపించండి. గడ్డి అయితే గేర్లలో చుట్టుకుంటుంది, చెయిన్ తెగినా తెగుతుంది. ఊరికి దగ్గరగా కుక్కలు వెంటపడితే స్పీడు పెంచొద్దు, దిగి సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి.

మీ సైకిళ్ళ టైర్ల సైజు, వాల్వు లావుదా సన్నదా అనేది రాయండి, ఏ ట్యూబులు కొనాలో చెప్తాను.