అడ్వాన్సు ఇవ్వకముందే ఇది చదువు

ఆటోనగర్, విజయవాడ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, నీ మేనకోడలు పోటీల్లో కొట్టడానికి తుపాకీ కొంటానంటోంది, కాస్త చెప్పు" అంది. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు. వద్దనమందో, చూసి కొనుక్కోమనమందో దానికే తెలిసినట్టు లేదు. గొంతులో కంగారు ఉంది, ఆ కంగారులోనే కాస్త గొప్ప కూడా ఉంది. నాకూ అంతే. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున్నే షెడ్డు తాళం తీసి, కుర్రాడు టీ తెచ్చేలోపు ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని నీ పని నువ్వు చేసుకుంటావు. కాగితం అయితే కనీసం ఒకసారి చదువుతావు.

ముందు తేలిక సంగతులు. 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి రంధ్రం), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. ఈ ముక్క మీ అమ్మకి చదివి వినిపించు, సగం టెన్షన్ తగ్గుతుంది. అయినా బిల్లు లేనిది తీసుకోకు. బిల్లు మీద నంబరూ రైఫిల్ మీద నంబరూ ఒకటేనా చూడు. రైఫిల్ చూడటానికి హైదరాబాద్ వెళ్లేటప్పుడు మీ నాన్నని తోడు తీసుకెళ్లు. ఆయన మిర్చి యార్డులో బస్తా పైనున్న కాయ చూసి రేటు చెప్పే మనిషి కాదు, మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి అడుగు కాయ తీసి చూస్తాడు. రైఫిల్ సంగతి తెలియకపోయినా అమ్మేవాడి సంగతి తెలుసుకుంటాడు.

ఇక నువ్వు వాట్సాప్‌లో పంపిన లెక్క. పాత రైఫిల్ ఇంత, గాలి నింపే సిలిండర్ దానితోనే వస్తుంది, పీప్ సైటు, అదే కంటి దగ్గర చిన్న రంధ్రంలోంచి గురి చూసేది, లోకల్‌ది ఇంత, షూటింగ్ జాకెట్ సెకండ్ హ్యాండ్ ఇంత. కింద గీత గీసి "మిగిలింది" అని రాశావు. మీ నాన్న చీటీ ఎత్తి ఇచ్చిన డబ్బు, మిగల్చాలనే ఉంటుంది. మెచ్చుకున్నాను కూడా. కానీ ఆ మిగిలింది ఎక్కడ మిగిలిందో చూస్తే, సరిగ్గా మిగల్చకూడని రెండు చోట్లే మిగిలింది.

మొదటిది సిలిండర్. దాని మీద తయారైన నెలా సంవత్సరం కొట్టి ఉంటాయి. పేరున్న కంపెనీలు సాధారణంగా పదేళ్ల గడువు ఇస్తాయి. గడువు దాటినదాన్ని పోటీలో పరికరాల తనిఖీ దగ్గరే పక్కన పెట్టొచ్చు. అప్పుడు కొత్తది కొనాలి, నీ లెక్కలో మిగిలింది అక్కడికే పోతుంది. కాబట్టి ముందు ఆ తేదీ ఫొటో తీసి పంపమని అడుగు. పంపకపోతే ఆ మాటతోనే నీకు జవాబు వచ్చేసినట్టు.

పోటీ సంగతి అటుంచు. ఆ సిలిండర్‌లో గాలి 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. మీ నాన్న కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. మా పక్క వరసలో ఒకసారి కంప్రెసర్ ట్యాంకు పేలింది, దానిలో పది బార్లు కూడా ఉండి ఉండవు. పై రేకు లేచి రోడ్డు మీద పడింది. కుర్రాడు అప్పుడే టిఫిన్‌కి వెళ్లాడు కాబట్టి బతికాడు. నాకు ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది, అందుకే ఈ విషయంలో నేను కాస్త ఎక్కువ చెబుతున్నానని నువ్వు అనుకున్నా పరవాలేదు. సొట్ట ఉన్నా, రంగు కొత్తగా వేసినట్టున్నా ముట్టుకోకు. లీకవుతోందని ఎవరి చేతా ఓ-రింగు (గాలి పోకుండా ఆపే రబ్బరు చుట్టు) వేయించకు. నేనే వేలకొద్దీ ఓ-రింగులు అమ్మాను కాబట్టి చెబుతున్నాను, కొలత ఒకటే ఉంటుంది, రబ్బరు గట్టిదనం వేరే ఉంటుంది, చూస్తే తెలియదు. ఇంకొకటి, ఎవడైనా తెలివైనవాడు "వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది, నింపేద్దాం" అంటాడు. ఆక్సిజన్‌కి నూనె చుక్క తగిలితే ఏమవుతుందో గ్యాస్ వెల్డింగ్ చేసేవాడిని అడుగు, వాడు రెగ్యులేటర్‌ని జిడ్డు చేత్తో ముట్టుకోడు. పొడి గాలి తప్ప ఇంకేదీ నింపకూడదు. ఈ ఒక్క విషయంలో నా మీద ఒట్టు.

రెండోది పీప్ సైటు. ఇది రాయడానికే నిజంగా కూర్చున్నాను.

2008 ఆగస్టులో బీజింగ్‌లో అభినవ్ బింద్రా పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో బంగారు పతకం కొట్టాడు. మన దేశానికి ఒక్క మనిషి ఒలింపిక్స్‌లో తెచ్చిన మొదటి బంగారం. అప్పుడు మీ బావ తొమ్మిదో తరగతి. ఇంట్లో చీపురు కర్ర భుజానికి పెట్టుకుని అద్దం ముందు నిలబడేవాడు. నేనూ ఊగిపోయాను. మరుసటి ఏడు స్ప్రింగు రైఫిల్ ఒకటి కొన్నాను, డాబా మీద పది మీటర్లు టేపు పెట్టి కొలిచాను, వెనక ఇసక బస్తాలు పేర్చాను. మంచి పీప్ సైటు ధర అడిగితే గుండె గుభేలుమంది. దానిలో ఏడో వంతుకి లోకల్‌ది దొరికింది. చూడటానికి అచ్చం అదే, నల్లటి పూత, తెల్లటి అంకెలు, తిప్పితే టిక్కు టిక్కుమని చప్పుడు. తెచ్చి మీ అత్తయ్యకి చూపించి "కంపెనీ పేరుకి డబ్బులు పోస్తారు పిచ్చివాళ్లు" అన్నాను.

ఆలోచించు, నేనెవర్ని? ముప్పై ఏళ్లుగా లేత్ మీద బతుకుతున్నవాణ్ణి. ఎవరైనా బేరింగు తెస్తే వేలు పెట్టి ఊపి, ప్లే, అంటే ఆట, వదులు, ఎంత ఉందో చూడకుండా కౌంటరు మీద పెట్టనివ్వను. డూప్లికేట్ మాల్ వాసన చూసి చెబుతానని పేరు. ఆ సైటుని మాత్రం ఒక్కసారి కూడా ఊపి చూడలేదు. చవగ్గా దొరికిందన్న సంతోషం అలాంటిది.

ఏడాది పాటు మీ బావ ఆ సైటుతో కొట్టాడు. మంచి రోజు వరసగా పదులు, తొమ్మిదులు పడేవి. మర్నాడు ఎనిమిదిలో, ఏడులో. "నాన్నా, రెండు క్లిక్కులు తిప్పితే కదలట్లేదు, మూడోది తిప్పితే ఎగిరిపోతోంది" అన్నాడు ఒకసారి. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కథ, అన్నాను. ఇంకోసారి కూడా అన్నాడు. ఈసారి గట్టిగా కసిరాను, ధ్యాస లేదు నీకు, ఫోను పక్కన పెట్టు అన్నాను. మూడోసారి అనలేదు. తప్పు తనదేనని ఒప్పేసుకున్నాడు. మోచెయ్యి మార్చాడు, నిలబడే తీరు మార్చాడు, ఊపిరి బిగపట్టడం మార్చాడు. బాగున్నవన్నీ పాడుచేసుకున్నాడు. హైదరాబాద్‌లో ఒక పోటీకి తీసుకెళ్తే, దిగాక మొహం కడుక్కోవడానికి వెళ్లి అరగంట రాలేదు. టెన్త్ అయ్యాక "ఇంటర్‌లో టైం ఉండదు నాన్నా" అని రైఫిల్‌ని దుప్పట్లో చుట్టి అటక ఎక్కించాడు. బెజవాడలో ఇంటర్ అన్న మాటకి ఎదురు చెప్పే తండ్రి ఉంటాడా? సరే అన్నాను. నిజం చెప్పాలంటే, ఖర్చు తప్పిందనుకున్నాను కూడా.

2012లో గగన్ నారంగ్ అదే పోటీలో లండన్‌లో కంచు పతకం గెలిచాడు, మన హైదరాబాద్‌లో పెరిగిన అబ్బాయి. టీవీలో చూసి ఎందుకో అటక ఎక్కి ఆ సైటు ఊడదీసి షెడ్డుకి తెచ్చాను. పని లేని మధ్యాహ్నం. వైస్‌లో బిగించి డయల్ గేజ్ (వెంట్రుకవాసి కదలికనీ ముల్లుతో చూపించే కొలత పరికరం) ఆనించాను. పది క్లిక్కులు కుడికి, పది వెనక్కి. ముల్లు మొదటి చోటికి రాలేదు. మళ్లీ తిప్పాను, ఇంకో చోట ఆగింది. లోపల థ్రెడ్డుకీ నట్టుకీ మధ్య ఆట, దాన్ని పట్టి ఉంచాల్సిన స్ప్రింగు మెత్తబడిపోయింది. మొత్తం 0.2 మిల్లీమీటర్లు. స్ప్రింగు రైఫిల్ కదా, పేల్చిన ప్రతిసారీ ఆ కుదుపుకి లోపలి స్లైడు తనకి ఇష్టమొచ్చిన చోట కూర్చునేది.

0.2 అంటే ఏముందిలే అనుకోకు. కంటి దగ్గరి సైటుకీ ముందు సైటుకీ మధ్య దూరం ముప్పావు మీటరు, టార్గెట్ పది మీటర్లు. ఇక్కడి తేడా అక్కడ పదమూడు రెట్లు. అంటే రెండున్నర మిల్లీమీటర్లకి పైన. టార్గెట్ మీద ఒక గీత నుంచి ఇంకో గీతకి ఉండేది రెండున్నరే. పది చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. వాడు కొట్టిన ప్రతి గుండుకీ ఒక గీత నేను ముందే తీసేసి ఇచ్చాను. మద్దెల నిజంగానే ఓడుదమ్మా. డయల్ గేజ్ సొరుగు నా స్టూలుకి రెండడుగుల దూరం.

వాడికి చెప్పలేదు. అప్పటికి ఇంజనీరింగ్‌లో చేరాడు.

అందుకే చెబుతున్నాను, ఆ సైటు వద్దు. చవక వస్తువు విరిగిపోతే ఏమీ కాదు, విరిగిందని తెలుస్తుంది, ఇంకోటి కొంటాం. విరక్కుండా అబద్ధం చెప్పేదాంతోనే గొడవ. తప్పు నీదా దానిదా తెలియదు. నీ పది మీటర్ల పోటీలో 75 నిమిషాల్లో 60 గుళ్లు కొట్టాలి, దశాంశాల్లో లెక్కేస్తారు. ఏ గుండు దగ్గరో "నా చెయ్యా, సైటా" అని ఒక్కసారి అనిపించిందంటే మిగతావి నువ్వు కొట్టలేవు. కొత్త మంచి సైటుకి డబ్బు చాలకపోతే మంచి కంపెనీది పాతది తీసుకో. పాత మంచిది, కొత్త చవకదానికంటే ఎప్పుడూ నయం. లేత్ మిషన్లకీ ఇదే మాట.

తీసుకునే ముందు ఇలా చూడు. రైఫిల్‌ని దిండు మీద ఆనించి ఐదు గుళ్లు కొట్టు. తర్వాత ఇరవై క్లిక్కులు కుడికి తిప్పి ఐదు, ఇరవై పైకి తిప్పి ఐదు, ఇరవై ఎడమకి, ఇరవై కిందికి. కాగితం మీద చతురస్రం రావాలి, చివరి ఐదూ మొదటి ఐదింటి మీదే పడాలి. పెల్లెట్స్, అంటే ఆ సీసం గుళ్లు, అన్నీ ఒకే డబ్బాలోవి ఉండాలి. గుండు తలకాయ సైజు 4.49, 4.50 మిల్లీమీటర్లు అని డబ్బా మీద ఉంటుంది, కలిపి కొట్టకు. అమ్మేవాడు "ఇంత పరీక్ష ఎందుకమ్మా" అంటే నవ్వి లేచి వచ్చెయ్. మొహమాటపడకు. మీ అమ్మ దగ్గర నేర్చుకున్న మొహమాటం ఒకటి ఉంది నీకు, అది ఆ రోజు ఇంట్లో పెట్టి వెళ్లు.

జాకెట్ కూడా పాతది వద్దు, అది వాడిన మనిషి ఒంటికి అలవాటు పడి మడతలు తీరి ఉంటుంది. రూలు ప్రకారం మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు, కొలిచి చూసుకో.

డబ్బు ఎక్కడ మిగల్చాలంటావా, బోలెడు చోట్లు. రైఫిల్ పెట్టుకునే స్టాండ్ వెల్డింగ్ కుర్రాడి చేత చేయిస్తాను. గురి చూడని కంటికి అడ్డంగా పెట్టుకునే పట్టీ కొనక్కర్లేదు, 30 మిల్లీమీటర్ల వెడల్పు మించకుండా పాత ఫైలు అట్ట కత్తిరించు. పెల్లెట్స్ పెట్టుకునే డబ్బా అత్తయ్య పోపుల పెట్టెలోది ఇస్తానంది. భుజానికి ఆనే బట్ ప్లేట్ లోకల్‌దైనా పరవాలేదు, మరలు గట్టిగా కూర్చుంటే చాలు. బ్యారెల్ మీద వేసే బరువులు మాత్రం ఎక్కడా కొనకు, ఇత్తడి రాడ్డు ఒకటి దాచి ఉంచాను, నా చేత్తో టర్నింగ్ చేస్తాను. రైఫిల్ వచ్చాక బ్యారెల్ మందం వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి పంపు, స్కేలు పెట్టి కాదు. మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు, కాబట్టి ఎంత చెయ్యాలో తూచి చెబుతాను. కొట్టాక చేతులు సబ్బుతో కడుక్కో, అది సీసం. తినేటప్పుడు గుర్తుండదు నీకు, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆదివారం ఉదయం బస్సుకి గుంటూరు వస్తున్నాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు. డయల్ గేజ్ తెస్తాను, ఆ పాత సైటు కూడా తెస్తాను. నువ్వే తిప్పి చూడు, వేలికి తెలుస్తుంది ఆట. పెసరట్టు వేయమని మీ అమ్మకి చెప్పు, ఉప్మా వద్దు.

ఈలోగా మీ బావ బెంగళూరు నుంచి ఫోన్ చేస్తే రైఫిల్ కబురు నువ్వే చెప్పు. నేను చెబితే ఏ సైటు కొంటోందని అడుగుతాడు. అడిగితే ఏం చెప్పాలో నాకింకా తేలలేదు.

మీ మావయ్య