అయస్కాంతం చివర, దారం ముందు: గుండుసూదుల యంత్రం కట్టే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కుట్టుశాల నేల ఊడ్చిన చెత్తలోంచి గుండుసూదులు ఏరి, పనికొచ్చేవీ రానివీ వేరుచేసే యంత్రం కడతానన్నావు. నీ బొమ్మలో మొదట అయస్కాంతం, తర్వాత జల్లెడ, చివర ఫ్యాను ఉన్నాయి. ఎవరికైనా ముందు తోచేది ఆ వరసే. దాన్ని మార్చెయ్యి. ముందు జల్లెడ, తర్వాత గాలి, ఆ తర్వాతే అయస్కాంతం రావాలి.

ఉక్కు సూదిని పట్టుకోవడం ఏపాటి పని? కష్టమంతా దారంతోనే. అయస్కాంతం ముందుంటే సూది ఒంటరిగా రాదు. మెడకు చుట్టుకున్న దారం, ఆ దారానికి అంటిన నూగు, నూగులో ఇరుక్కున్న పేలిక, అన్నీ కలిసి పిచ్చుకగూడులా వచ్చి అతుక్కుంటాయి. ఆ గూడు విప్పడానికి మళ్లీ చేత్తో కూర్చోవాల్సిందే. కాబట్టి ఈ యంత్రంలో ప్రతి భాగానికీ ఒకటే పరీక్ష పెట్టు: దీనికి దారం చుట్టుకుంటుందా? చుట్టుకునేది ఏదైనా తీసెయ్యి.

కట్టేముందు ఒక లెక్క. 0.6 మి.మీ. లావు, 30 మి.మీ. పొడవున్న ఉక్కు సూది 0.067 గ్రాముల దాకా తూగుతుంది. అంటే గ్రాముకు 15, కిలోకు 15 వేలు. రోజుకు గుప్పెడు సూదులు రాలే చోట కర్రకు కట్టిన అయస్కాంతమే చాలు, యంత్రం దండగ. పదిమంది పైగా పనిచేసే చోట, చెత్త గోతాలకొద్దీ పోగయ్యే చోట మాట వేరు.

చెత్తను కాల్చి బూడిదలో సూదులు ఏరుకుందామనే ఆలోచన ఎవరైనా చెప్తే వినకు. పాలియెస్టర్ 260 డిగ్రీల దగ్గర కరిగి సూదికి బంకలా పట్టేస్తుంది. నికెల్ పూత రంగు మారుతుంది, ప్లాస్టిక్ తలలు ఊడిపోతాయి, ఉక్కు బిరుసు పోయి వేలితో వంచినా వంగుతుంది. అలాగే దారాలు తెగడానికి కత్తులు పెడదామన్న ఆలోచనా వద్దు. దారం తెగేలోపు సూదులు విరిగి ముక్కలు ఎగురుతాయి.

మొదటి భాగం తిరిగే డ్రమ్ము. 400 మి.మీ. వ్యాసం, 800 మి.మీ. పొడవు, చిల్లుల రేకుతో చేయించు. తీగతో అల్లిన జాలీ వద్దు, అల్లిక కలిసే ప్రతి చోటా సూది మొన ఇరుక్కుంటుంది, దాని వెంట దారం చిక్కుకుంటుంది. చిల్లు గుండ్రంగా 10 మి.మీ. ఉండాలి. 30 మి.మీ. సూది ఆ చిల్లులోంచి నిలువుగా దిగితేనే దిగుతుంది, అడ్డంగా పడితే దిగదు. అందుకే డ్రమ్ము చెత్తను ఎత్తి ఎత్తి పడెయ్యాలి, సూదికి నిలువుగా తిరిగే అవకాశం పదేపదే రావాలి. చిల్లు 6 మి.మీ.కి తగ్గిస్తే సూదులు పేలికలతోపాటు బయటికి పోతాయి. 20కి పెంచితే పేలికలే సూదులతోపాటు కిందికి వస్తాయి.

వేగం ఎంతన్నది ఊహ మీద వదలకు. చెత్త డ్రమ్ము గోడకు అంటుకుపోయి పడకుండా తిరిగే వేగాన్ని ఇలా లెక్కకట్టొచ్చు: 42.3ని డ్రమ్ము వ్యాసం (మీటర్లలో) వర్గమూలంతో భాగించు. 0.4 మీటర్లకు నిమిషానికి దాదాపు 67 చుట్లు వస్తుంది. అందులో 40 నుంచి 45 శాతం దగ్గర నడిపితే చెత్త పైదాకా లేచి దొర్లి పడుతుంది. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే పావు హార్స్ పవర్ మోటారుకు 50కి 1 గేరు బాక్సు తగిలిస్తే 29 చుట్లు వస్తాయి, సరిపోతుంది. డ్రమ్ము వాలు 4 డిగ్రీలు. వాలు ఎక్కువైతే చెత్త జారిపోతుంది, సూదులు దిగడానికి సమయం చాలదు.

చెత్తను ఎత్తడానికి డ్రమ్ము లోపల 40 మి.మీ. ఎత్తున మూడు పట్టీలు పొడవునా బిగించు. అంచులు గుండ్రంగా రుద్దాలి. దారాలు విడదీస్తాయని మేకులు కొట్టాలని అనిపిస్తుంది, కొట్టకు. పావుగంటలో ప్రతి మేకూ దారపు కండె అయి కూర్చుంటుంది. ఇరుసు కూడా డ్రమ్ము మధ్యలోంచి పోకూడదు. డ్రమ్మును బయటనుంచి నాలుగు రబ్బరు చక్రాల మీద కూర్చోబెట్టి తిప్పు.

చెత్తను తొట్టిలో గుమ్మరించే ముందు పెద్ద గుడ్డముక్కలు, బ్లేళ్లు, జిప్పులు, తడిసిన చెత్త చేత్తో తీసెయ్యాలి. తోలు చేతితొడుగులు, కంటి అద్దాలు లేకుండా ఈ పని ఎవరినీ చెయ్యనివ్వకు. తడి చెత్త అసలు ఎక్కించకు, నూగు ముద్దకట్టి చిల్లులు మూసేస్తుంది.

రెండోది గాలి. మనవాళ్లు ధాన్యం తూర్పారబట్టే పద్ధతే, కాకపోతే గాలి పక్కనుంచి కాదు, కిందనుంచి పైకి. డ్రమ్ము కింద రాలినదాన్ని 100, 150 మి.మీ. కొలతల నిలువు గొట్టంలోకి పైనుంచి వదులు. గొట్టాన్ని నిటారుగా కాక మెలికలుగా కట్టు. చెత్త గోడలకు తగిలి ముద్దలు విడుతుంది. పైకెళ్లే గాలి వేగం సెకనుకు 3 మీటర్లు ఉండాలి. నూగుకీ దారప్పోగుకీ 1 మీటరు కూడా ఎక్కువే, చిన్న పేలికలు 2 మీటర్ల లోపే లేస్తాయి. ఉక్కు సూదిని ఎత్తాలంటే దాదాపు 7 మీటర్లు కావాలి. మధ్యలో అంత ఎడం ఉంది కాబట్టే ఈ భాగం అన్నిటికన్నా నమ్మకంగా పనిచేస్తుంది. ఒక్క చిక్కు: పువ్వులాంటి పలచటి ప్లాస్టిక్ తల ఉన్న సూదులు. ఆ తల గాలికి గొడుగులా తెరుచుకుంటుంది, మూడున్నర మీటర్ల దగ్గరే ఎగిరిపోవచ్చు. అవి ఎక్కువగా వాడే చోట గాలిని రెండు, రెండున్నరకు తగ్గించు.

ఈ గొట్టానికి 3 మీటర్ల వేగం రావాలంటే గంటకు 160 ఘనపు మీటర్ల గాలి చాలు. పైకి లేచిన నూగును పట్టే సంచీ నిండేకొద్దీ గాలి తగ్గుతుంది కాబట్టి 250 ఇచ్చే ఫ్యాను తీసుకుని మూత పలకతో సర్దుకో. ముందు సంచీ, సంచీ తర్వాత ఫ్యాను. వరస తిరగేస్తే దారం ఫ్యాను ఇరుసుకు చుట్టుకుని మోటారు వేడెక్కుతుంది. నూగుకు నిప్పు చాలా సులువుగా అంటుకుంటుంది, మోటారును గాలి దారిలో ఎక్కడా పెట్టకు. డ్రమ్మునూ గొట్టాన్నీ భూమికి ఎర్త్ చెయ్యి. పొడి వాతావరణంలో పాలియెస్టర్ నూగు వల్ల రేకు మీద స్థిర విద్యుత్తు పోగై నిప్పురవ్వ రాకుండా అది కాపాడుతుంది.

ఇప్పుడు గొట్టం అడుగున మిగిలేవి సూదులు, గుండీలు, హుక్కులు, సుద్ద ముక్కలు. అయస్కాంతానికి వేళ ఇదీ.

నియోడిమియం అయస్కాంతాల మీద మోజు పడకు. సూదికి అంత బలం అక్కర్లేదు, పట్టినదాన్ని వదిలించడమే కష్టమవుతుంది. మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి కూడా. నల్లటి ఫెర్రైట్ దిమ్మెలు చాలు, పెళుసు కాబట్టి కింద పడెయ్యకుండా చూసుకో. 200 మి.మీ. వ్యాసమున్న 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, 1.5 మి.మీ. మందం, తిరుగుతూ ఉంటుంది. దాని లోపల అయస్కాంతాలు తిరగకుండా 150 డిగ్రీల మేర వంపుగా బిగించి ఉంటాయి. తిరిగే దిశలో ఉత్తరం, దక్షిణం ధ్రువాలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ రావాలి. అలా ఉంటే సూది గొట్టం మీద ప్రయాణిస్తూ ప్రతి ధ్రువం దగ్గరా పల్టీ కొడుతుంది, మిగిలిన నూగు ఆ పల్టీల్లో రాలిపోతుంది. గుండీలు ముందువైపు జారి పడతాయి, సూదులు అడుగుదాకా వెళ్లి అయస్కాంతం అయిపోయిన చోట పడతాయి.

పడతాయి అన్నాను గానీ ఊరికే పడవు. అయస్కాంతం అంచు దగ్గర గొట్టం కింద జారిపోతుంటే సూదులు అక్కడే నిలబడి గింగిరాలు తిరుగుతాయి. గొట్టం మీద 3 మి.మీ. ఎత్తు స్టెయిన్‌లెస్ పట్టీలు నాలుగు అతికిస్తే, ఆ పట్టీలే వాటిని అంచు దాటించి తోస్తాయి. నిమిషానికి 20 నుంచి 25 చుట్లు చాలు. చుట్టూ ఉండే చట్రం, సూదులు పడే పెట్టె చెక్కతోగాని అల్యూమినియంతోగాని చెయ్యి. ఇనుము పెడితే సూదులు పెట్టెలోకి కాక చట్రానికి పోయి అంటుకుంటాయి. గుండె పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఈ భాగం దగ్గరికి రానివ్వకు.

ఇత్తడి సూదులు అయస్కాంతానికి చిక్కవు, గుండీలతో పడతాయి. చాలా చోట్ల అవి తక్కువే కనక చేత్తో ఏరుకోవడమే మేలు, వాటికోసం ఇంకో యంత్రం కట్టకు.

ఇంతవరకు సాయం చేసిన అయస్కాంతమే ఇక అడ్డం. సూదులన్నీ ఇప్పుడు చిన్న చిన్న అయస్కాంతాలు, ఒకదాన్నొకటి పట్టుకుని ముళ్లకంపలా ఉంటాయి. ఏసీ కరెంటు తీగచుట్టలోంచి వాటిని పంపి ఆ గుణం తీసెయ్యాలి. వాలు పళ్లెంలో జారవిడిస్తే పని జరగదు. సెకనుకు మీటరు వేగంతో జారే సూది, సెకనుకు 100 సార్లు దిశ మారే కరెంటులో ఒక్కో మార్పుకు 10 మి.మీ. కదిలిపోతుంది, అయస్కాంతగుణం మెల్లగా సన్నగిల్లడానికి వ్యవధి ఉండదు. సెకనుకు 0.2 మీటర్లు కదిలే చిన్న గుడ్డ బెల్టు మీద పంపు, మార్పుకు 2 మి.మీ. అవుతుంది. తీగచుట్ట దాటి 30 సెం.మీ. పోయేదాకా కరెంటు ఆపకు. సూదులు లోపల ఉండగా ఆపావంటే ముందుకన్నా గట్టిగా అయస్కాంతాలు కావచ్చు. చుట్ట త్వరగా వేడెక్కుతుంది, విడతలుగా నడుపు.

తర్వాత పొడి రంపపు పొట్టులోగాని తవుడులోగాని అరగంట దొర్లిస్తే సుద్ద, మైనం, చేతి జిడ్డు వదులుతాయి. నీళ్లతో కడగకు.

వేరుచేసే భాగం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. రెండు నున్నటి ఇత్తడి పట్టాలు, 600 మి.మీ. పొడవు, 20 నుంచి 25 డిగ్రీల వాలు, మధ్యన 0.85 మి.మీ. సందు. సందును కంటితో కాదు, ఫీలర్ గేజితో (సందులు కొలిచే పలచటి రేకులు) రెండు చివరలా కొలువు. సన్నగా కంపించే చిన్న మోటారు కింద బిగించు. సూదులు పైన చల్లితే, తిన్నగా ఉన్నది సందులో దిగి తల దగ్గర ఆగి వేలాడుతుంది, అలాగే కిందికి జారుతుంది. తల ఊడినవి, విరిగినవి, సన్నటి చేతికుట్టు సూదులు సందులోంచి నేరుగా కింది పెట్టెలో పడతాయి. బాగా వంగినవి పట్టాల మీదే పడుంటాయి, మెత్తటి బ్రష్షు వాటిని పక్కకు నెట్టేస్తుంది. ఒక్క సందు మూడు పనులు చేస్తుంది.

కుట్టుమిషను సూది మాత్రం మోసం చేస్తుంది. దాని పైభాగం 2 మి.మీ. లావు, అది తల అనుకుని పట్టా మోసుకుపోతుంది. పట్టాలకు 6 మి.మీ. ఎత్తున అడ్డంగా ఒక కడ్డీ పెట్టు. 4 మి.మీ. గాజు తల కిందనుంచి పోతుంది, మిషను సూది పైభాగం తగిలి ఆగుతుంది.

ఇంకో లోపం ముందే తెలుసుకో. పక్కకు కాక సందు వెంబడే వంగిన సూది కూడా దిగి వేలాడుతుంది, పట్టాలకు అది తిన్నటి సూదే. అయినా వేలాడే వరస దువ్వెన పళ్లలా ఉంటుంది కాబట్టి వంకరది కంటికి ఇట్టే దొరుకుతుంది. పట్టాల పక్కన ఒక మనిషి, ఒక దీపం చాలు. పట్టాల చివర 150 మి.మీ. మేర సందును కొద్దికొద్దిగా 4.5 మి.మీ. దాకా విడదీస్తే చిన్న చదును తలలు ముందు రాలతాయి, గాజు తలలు తర్వాత. కింద రెండు పెట్టెలు పెట్టుకో. పొడవు బట్టి వేరుచేసే పని నీ బొమ్మలోంచి కొట్టెయ్యి, శ్రమకు తగ్గ ఫలితం లేదు.

మొన అరిగిందో లేదో ఈ యంత్రం చెప్పలేదు. అందుకే ఇలా దొరికిన సూదుల్ని పట్టుకూ సన్నటి గుడ్డకూ వాడనివ్వకు, మొద్దు మొన దారం లాగేస్తుంది. కాగితపు నమూనాలకు, ముతక గుడ్డకు వాడుకోమను. తుప్పు చుక్క కనిపించినది ఎంత తిన్నగా ఉన్నా పారెయ్యాల్సిందే. మరక గుడ్డ మీదికి దిగితే సూది ఖరీదుకు వెయ్యి రెట్లు నష్టం.

అంతా బిగించాక పరీక్ష ఇలా చెయ్యి. సూదులు లేవని అయస్కాంతంతో చూసిన చెత్త ఒక గోతాం తీసుకో. అందులో 200 సూదులు లెక్కపెట్టి కలుపు, 20 వంచినవి, 20 తల తీసేసినవి ఉండాలి. యంత్రం దాటించి ప్రతి పెట్టెలోవీ లెక్కపెట్టు. తక్కువైనవి ఎక్కడున్నాయో వెతికితే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. డ్రమ్ము నుంచి బయటికొచ్చిన పేలికల్లో ఉంటే వాలు ఎక్కువైనట్టు, లేదా తొట్టి ఒక్కసారే గుమ్మరించినట్టు. నూగు సంచీలో ఉంటే గాలి ఎక్కువ. గుండీల పెట్టెలో ఉంటే అయస్కాంతం మీద పొర 10 మి.మీ. కన్నా మందంగా పడుతోందని. మూడుసార్లు చేసి, పెట్టెలవారీ లెక్కలు నాకు రాసి పంపు. పట్టాల సందు సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య